ఫ్లోరైడ్ మన ఎముకల్లో, పళ్ళల్లో, కణాల్లో ఏం చేస్తది: కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కనిగిరి వైపు పల్లె. చదివింది బయోకెమిస్ట్రీ, ఇప్పుడు చేసేది ల్యాబ్‌లో ఎముక కణాల మీద పని. ఊరికి పోయినా, పెళ్ళికి పోయినా, ఫోన్ వచ్చినా అందరూ అడిగేది ఫ్లోరైడ్ గురించే, ఒక్కొక్కళ్ళకి సగం సగం చెప్పే బదులు అడిగినవన్నీ ఒకచోట పెడదామని ఇది రాశాను. నేను డాక్టర్ని కాదు కాబట్టి మందులు రాయను, కణం లోపల జరిగేది మాత్రం నాకు తెలిసినంత వివరంగా చెప్తాను, ఎందుకంటే ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ ఫ్లోరోసిస్ అనే జబ్బు నడివయసు దాటాక నడుం వంగినప్పుడు కనపడుద్ది గానీ మొదలయ్యేది పసితనంలోనే, ఆ సంగతి అర్థమైతే మంచినీళ్ళు ముందు ఎవరికి ఇవ్వాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

అన్నా, ఫ్లోరోసిస్ అంటుజబ్బా? వంశంలో వచ్చేదా?

రెండూ కాదు. ఇందులో క్రిమి లేదు, వైరస్ లేదు. నీళ్ళల్లో, కొంత తిండిలో వచ్చే ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఒంట్లో చేరితే వచ్చేది ఇది. తాతకీ, కొడుక్కీ, మనవడికీ వచ్చిందంటే ముగ్గురూ ఒకే నీళ్ళు తాగారనే గానీ రక్తంలో దిగిందని కాదు. గారపళ్ళ పిల్లని చేసుకుంటే పుట్టే బిడ్డలకీ అట్టాగే వస్తాయని సంబంధాలు వదులుకునే వాళ్ళు ఇప్పటికీ ఉండారు, అది చాలా అన్యాయం. ఆ పిల్ల బిడ్డలు మంచి నీళ్ళు తాగి పెరిగితే పళ్ళు తెల్లగానే వస్తాయి.

మన వైపే ఎందుకింత?

కింద ఉండే రాయి వల్ల. పడమటి ప్రకాశం, నెల్లూరు మెట్ట ప్రాంతం అంతా పాత గ్రానైట్, నైస్ రాళ్ళు. వాటిల్లో ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం లాంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటది, కనిగిరి గ్రానైట్‌లో ఫ్లోరైట్ ఉందని జియాలజీ వాళ్ళు ఎప్పుడో రాశారు. వాన తక్కువ, బోర్లు లోతు, నీళ్ళు ఆ రాతి పగుళ్ళల్లో ఏళ్ళ తరబడి నిలవుంటాయి, ఆ నిలవలో కొద్దికొద్దిగా కరిగి దిగుద్ది. నీళ్ళల్లో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ని పట్టుకుని కిందకి దించేస్తది, సోడియం బైకార్బొనేట్ ఎక్కువై కాల్షియం తక్కువైతే మాత్రం ఫ్లోరైడ్ కరిగే ఉండిపోద్ది. అందుకని నీళ్ళు తేటగా ఉండాయి, పప్పు బాగా ఉడుకుద్ది, సబ్బు బాగా నురగొస్తది, కాబట్టి మంచి నీళ్ళే అనుకోబాకండి. ఫ్లోరైడ్‌కి రంగు, రుచి, వాసన ఏదీ లేదు, టెస్ట్ చేయిస్తేనే తెలుస్తది.

ఇంకో సంగతి మన పిల్లలకి బళ్ళో చెప్పాల్సింది. మన దేశంలో ఈ జబ్బు గురించి వచ్చిన మొదటి పెద్ద వైద్య పరిశోధన మన నేల మీదే జరిగింది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు అప్పటి నెల్లూరు జిల్లాలో జనాన్ని చూసి, నీళ్ళు పరీక్ష చేసి 1937లో రాశారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. ఆ షార్ట్ గారే తర్వాత మలేరియా పరాన్నజీవి మనిషి లివర్లో దాక్కుంటదని కనిపెట్టిన బృందంలో ఒకరు, పండిట్ గారు దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కి మొదటి డైరెక్టర్ అయ్యారు. అంత పెద్ద వాళ్ళు వచ్చి, కారణం నీళ్ళని తేల్చి చెప్పి ఎనభై ఏళ్ళు దాటింది. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మొదటి విడత జిల్లాల్లో నెల్లూరు పేరుంది. అంటే తెలియక జరిగిందని ఎవరూ అనడానికి లేదు.

నీళ్ళల్లో ఎంతుంటే ఫర్వాలేదు?

మన దేశంలో ప్రమాణాలు పెట్టే బీఐఎస్ లెక్క ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే గతి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేది కూడా 1.5. ఊళ్ళో పీపీఎం అంటారే, అదీ ఇదే లెక్క. ఇక్కడొకటి గుర్తుపెట్టుకోండి, ఎండన పొలం పనికి, రాళ్ళ పనికి పోయే మనిషి రోజుకి నాలుగైదు లీటర్లు తాగుతాడు, ఏసీ రూములో కూర్చునే మనిషి తాగేది అందులో సగం కూడా ఉండదు. నీళ్ళు ఒకటే అయినా ఒంట్లోకి పోయే మోతాదు ఒకటి కాదు. మన ఎండలకి 1.5 కూడా ఎక్కువే అని నా అభిప్రాయం.

తాగిన ఫ్లోరైడ్ ఒంట్లో యాడికి పోద్ది?

కడుపులో యాసిడ్ ఉంటది కదా, అక్కడ ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుద్ది. దీనికి ప్లస్, మైనస్ అనే విద్యుదావేశం ఉండదు కాబట్టి కణాల గోడలు దాన్ని ఆపలేవు, నేరుగా దాటుకుని పోద్ది. తాగిన గంట లోపే రక్తంలో గరిష్ఠానికి చేరుద్ది. అక్కణ్ణుంచి దానికి రెండే దారులు, ఒకటి కిడ్నీ ద్వారా మూత్రంలోకి, రెండోది ఎముకలోకి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో ఇంచుమించు సగం మూత్రంలో పోద్ది. ఎదిగే పిల్లల్లో ఎముక ఆకలిగా ఉంటది కాబట్టి చాలా ఎక్కువ భాగం అక్కడే ఆగిపోద్ది. ఒంట్లో నిలవుండే ఫ్లోరైడ్‌లో 99 శాతం ఎముకల్లో, పళ్ళల్లోనే ఉంటది. కిడ్నీ దెబ్బతిన్న వాళ్ళకి బయటకి పోయే దారి మూసుకుపోద్ది, వాళ్ళకి అదే నీళ్ళు ఇంకా ప్రమాదం.

పరగడుపున ఉత్త నీళ్ళు తాగితే దాదాపు మొత్తం ఒంటికి పట్టుద్ది. పాలు, పెరుగు, రాగులు లాంటి కాల్షియం ఉన్న తిండితో కలిస్తే పేగులోనే కాల్షియం దాన్ని పట్టుకుని కరగని కాల్షియం ఫ్లోరైడ్‌గా మార్చుద్ది, కొంత భాగం విరేచనంలో పోద్ది. పిల్లోడికి రోజూ ఒక గ్లాసు పాలు, పెరుగన్నం అనేది అందుకే మాటవరసకి చెప్పే సలహా కాదు.

ఎముక లోపల అసలేం జరుగుద్ది? కొంచెం వివరంగా చెప్పండి

ఎముక రాయి కాదు, అందులో ప్రాణం ఉంది. ఎముకని కట్టే కణాలు వేరే, వాటిని ఆస్టియోబ్లాస్టులు అంటారు. పాత ఎముకని కరిగించే కణాలు వేరే, అవి ఆస్టియోక్లాస్టులు. రోజూ కొంత కరుగుద్ది, కొంత కొత్తగా కడతారు, బతికినన్నాళ్ళూ ఈ పని నడుస్తానే ఉంటది. ఎముకలో ఉండే ఖనిజం పేరు హైడ్రాక్సీ అపటైట్, కాల్షియం, ఫాస్ఫేట్, దాంతో పాటు హైడ్రాక్సిల్ అనే చిన్న ముక్క కలిసిన స్ఫటికం. ఫ్లోరైడ్ సైజు ఆ హైడ్రాక్సిల్ సైజుకి దగ్గరగా ఉంటది, విద్యుదావేశం కూడా ఒకటే, అందుకని దాని చోట్లో సరిగ్గా కూర్చుంటది. కూర్చున్నాక ఆ స్ఫటికం ఫ్లోర్ అపటైట్ అవుద్ది. ఇది యాసిడ్‌కి త్వరగా కరగదు, అంటే కరిగించే కణాలకి పని కష్టమవుద్ది.

ఇది ఒక వైపు. రెండో వైపు, కట్టే కణాలని ఫ్లోరైడ్ రెచ్చగొడతది. 1983లో ఫార్లీ, బేలింక్ వాళ్ళు కోడిపిండం ఎముక కణాల మీద చూపించారు, ఫ్లోరైడ్ తగిలితే ఆ కణాలు ఎక్కువగా విభజన చెందుతాయి, ఆల్కలైన్ ఫాస్ఫటేస్ అనే ఎంజైమ్ పెరుగుద్ది. కట్టేది ఎక్కువై కరిగేది తగ్గితే ఏమవుద్ది, ఎముక మందమవుద్ది, ఎక్స్‌రేలో వెన్నుపూసలు తెల్లటి తెలుపుగా కనపడతాయి. కానీ హడావిడిగా కట్టిన ఎముకలో కొల్లాజెన్ దారాలు వరస తప్పి ఉంటాయి, కొంత మేర ఖనిజం సరిగా పట్టని మెత్తటి ఎముక మిగిలిపోద్ది.

అంతటితో ఆగదు. ఎముకని ఎముకకీ, ఎముకని కండకీ కట్టే నరాల్లాంటి లిగమెంట్లు, టెండాన్లు కూడా గట్టిపడి ఎముకగా మారతాయి. ముంజేతి ఎక్స్‌రే తీస్తే రెండు పొడుగు ఎముకల మధ్య ఒక సన్నటి పొర ఉండే జాగా ఉంటది, మామూలు మనిషికి అక్కడ ఖాళీగా నల్లగా కనపడుద్ది, ఫ్లోరోసిస్ మనిషికి ఆ అంచు వెంట తెల్లగా ముళ్ళు ముళ్ళుగా పొడుచుకొస్తది. నేను చూసిన మొదటి ఫ్లోరోసిస్ ఎక్స్‌రే అదే, మా వైపు మనిషిదే, ఆ ముళ్ళ మీద వేలు పెట్టి చూపిస్తే ఎవరైనా గుర్తుపడతారు, చదువు అక్కర్లేదు. ఇదే పని వెన్నెముక లోపల జరిగితే వెన్నుపాము పోయే దారి ఇరుకైపోద్ది, కాళ్ళు తిమ్మిర్లు, తర్వాత పట్టు తప్పడం, చివరికి మంచం. మన ఊళ్ళల్లో మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పే పెద్దోళ్ళని చూశారు కదా, వాళ్ళకి జరిగింది ఇదే.

ఎముక మందమైతే గట్టిదేగా, మంచిదేగా?

ఇది డాక్టర్లకే వచ్చిన డౌటు. ముసలివాళ్ళకి ఎముకలు గుల్లబారతాయి కదా, ఫ్లోరైడ్ ఎముకని పెంచుద్ది కాబట్టి మందుగా ఇద్దాం అని అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు ట్రయల్ చేశారు. 202 మంది పెద్దవయసు ఆడవాళ్ళు, సగం మందికి రోజుకి 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్, సగం మందికి ఉత్త గోళీ, నాలుగేళ్ళు. 1990లో ఫలితాలొచ్చాయి. నడుం వెన్నుపూసల డెన్సిటీ 35 శాతం పెరిగింది, చూడటానికి గొప్ప విజయం. కానీ వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం మూడు రెట్లయింది, ఫ్లోరైడ్ తిన్నవాళ్ళలో 72, ఉత్త గోళీ తిన్నవాళ్ళలో 24. డెన్సిటీ వేరు, బలం వేరు అని అప్పుడు తేలింది. స్కానింగ్‌లో నీ ఎముకలు బ్రహ్మాండంగా ఉండాయి అని రిపోర్టు వచ్చినా మన వైపు మనిషికి ఆ మాట ధైర్యం కాదు, ఈ ట్రయల్ గుర్తుకొచ్చినప్పుడల్లా నాకు మన పెద్దోళ్ళ తుంటి ఎముకలే గుర్తుకొస్తాయి.

పళ్ళు ఎందుకు పసుపు, గోధుమ రంగు అవుతాయి?

పన్ను పైపొర ఎనామెల్, ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం. దాన్ని కట్టే కణాలు అమెలోబ్లాస్టులు. పన్ను చిగురులోంచి బయటకి రాకముందే, చిగురు లోపల ఉండగానే ఇవి పని ముగించి చచ్చిపోతాయి, తర్వాత బాగుచేసే కణం అంటూ ఏదీ మిగలదు. అసలు కథ అంతా ఇక్కడే ఉంది.

ఈ కణాలు ముందు అమెలోజెనిన్ అనే ప్రోటీన్‌ని వదులుతాయి, దాని మధ్యలో స్ఫటికాలు పెరుగుతాయి, తర్వాత ఎంజైములు వచ్చి ఆ ప్రోటీన్‌ని ముక్కలు చేసి తీసేస్తే ఆ జాగాలో కూడా ఖనిజం నిండి 95 శాతం పైన ఖనిజమే ఉండే ఎనామెల్ తయారవుద్ది. స్లాబ్ వేసేటప్పుడు సెంట్రింగ్ చెక్కలు కట్టి, కాంక్రీట్ గట్టిపడ్డాక విప్పేస్తాం, ఆ చెక్కలు విప్పకుండా లోపలే ఇరుక్కుంటే ఎట్టా ఉంటదో ఫ్లోరైడ్ ఎక్కువైతే పన్నులో అట్టా జరుగుద్ది. ప్రోటీన్ పోవాల్సిన టైముకి పోదు, ఖనిజం నిండాల్సిన చోట నిండదు, పైకి నున్నగా ఉన్నా పొర కింద సన్నటి రంధ్రాలు మిగిలిపోతాయి. పన్ను వచ్చినప్పుడు సుద్దలాగా తెల్ల మచ్చలు, తర్వాత ఆ రంధ్రాల్లోకి తిండి రంగులు దిగి పసుపు, గోధుమ రంగు, ముదిరితే గుంటలు. జపాన్, అమెరికా ల్యాబుల్లో ఇంకో సంగతి కూడా చూశారు, ఫ్లోరైడ్ వల్ల ఈ కణాల్లో ప్రోటీన్లు మడతపెట్టే చోట ఒత్తిడి పెరిగి, కణం ప్రోటీన్ తయారీనే తగ్గించుకుంటది.

గుర్తుపట్టేది ఎట్టాగంటే, ఫ్లోరోసిస్ చారలు పన్నుకి అడ్డంగా ఉంటాయి, కుడివైపు పన్నుకి ఉన్నట్టే ఎడమవైపు జత పన్నుకీ ఉంటాయి, ఎందుకంటే రెండూ ఒకేసారి తయారయ్యాయి. చిగురు అంచున ఉండే గార అట్టా ఉండదు.

వయసు సంగతి జాగ్రత్తగా వినండి. ముందు పళ్ళ ఎనామెల్ పుట్టిన దగ్గర్నుంచి మొదటి మూడేళ్ళల్లోనే చాలావరకు తయారైపోద్ది, జ్ఞానదంతాలు కాక మిగతా అన్నీ ఎనిమిదేళ్ళకి అయిపోతాయి. పదేళ్ళప్పుడు వేరే ఊరి నుంచి మన ఊరికి వచ్చినోడికి ముందు పళ్ళు ఎన్ని ఫ్లోరైడ్ నీళ్ళు తాగినా చెడవు. మూడేళ్ళ దాకా ఇక్కడ పెరిగి హైదరాబాద్ పోయిన పిల్లోడికి ఆ పళ్ళు జీవితాంతం అట్టాగే ఉంటాయి. బళ్ళో ఆర్వో ప్లాంట్ పెట్టారంటే సంతోషమే, కానీ ముందు పళ్ళ వరకు చూస్తే బడికి వచ్చేసరికే టైము దాటిపోయింది, అంగన్‌వాడీకీ, ఇంటికీ ముందు రావాలి ఆ నీళ్ళు.

క్లీనింగ్ చేయిస్తే తెల్లగా వస్తాయా?

రావు. రంగు లోపల ఉంది. డెంటిస్టులు పైపొర కొంచెం అరగదీసి, బ్లీచ్ చేసి, లేకపోతే పైన కవర్ వేసి బాగుచేయగలరు. బొగ్గు, ఇటుకపొడి పెట్టి రుద్దితే ఉన్న ఎనామెల్ కూడా పోద్ది.

కణం లోపల, మాలిక్యూల్ లెవెల్లో ఫ్లోరైడ్ ఇంకేం చేస్తది?

దీనికి రుజువు మీ చేతికే దొరుకుద్ది. షుగర్ టెస్టుకి రక్తం తీసేటప్పుడు బూడిద రంగు మూత ఉన్న చిన్న ట్యూబు వాడతారు చూడండి, అందులో అడుగున ఉండే పొడి సోడియం ఫ్లోరైడే. రక్తకణాలు ట్యూబులో కూడా బతికుండి గ్లూకోజ్‌ని తినేస్తా ఉంటాయి, ఫ్లోరైడ్ పోయి ఎనొలేజ్ అనే ఎంజైమ్‌ని ఆపేస్తే ఆ తిండి ఆగుద్ది, షుగర్ రీడింగ్ తప్పు రాకుండా ఉంటది. అంటే కణం శక్తి తయారుచేసుకునే దారిని ఫ్లోరైడ్ అడ్డుకోగలదు. అయితే ట్యూబులో ఉండే మోతాదుతో పోలిస్తే మన రక్తంలో తిరిగేది వేల రెట్లు తక్కువ, ఈ తేడా మర్చిపోకూడదు.

రెండోది, ఫ్లోరైడ్ అల్యూమినియంతో కలిస్తే ఫాస్ఫేట్ ఆకారాన్ని అనుకరిస్తది, కణం గోడ దగ్గర బయటి కబురు లోపలికి చేరవేసే జీ ప్రోటీన్లని కబురు రాకుండానే ఆన్ చేస్తది. ఆ ప్రోటీన్లు కనిపెట్టిన గిల్మన్ గారికి 1994లో నోబెల్ వచ్చింది, ఆ దారిలో 1982లో బయటపడిన విషయమే ఇది. మూడోది ఆక్సిడేటివ్ స్ట్రెస్, కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియా దగ్గర హానికరమైన ఆక్సిజన్ రూపాలు పెరగడం. దీని మీద పేపర్లు కుప్పలుగా వచ్చాయి.

ఇక్కడ నా మాట ఒకటి వినండి. ల్యాబ్ డిష్‌లో కణాల మీద 1 మిల్లీమోలార్ ఫ్లోరైడ్ పోసి కణాలు చచ్చాయి అని రాసే పేపర్లు చాలా ఉండాయి. అది లీటరుకి 19 మిల్లీగ్రాములు, ఆ మోతాదు మన రక్తంలో ఎప్పుడూ ఉండదు, నీళ్ళల్లో ఉన్నంత ఫ్లోరైడ్ కూడా రక్తంలో ఉండదు. ఎముక కరిగే చోట, కణం పక్కనే మాత్రం కొద్దిసేపు ఎక్కువ చేరొచ్చు, అందుకే ఆ ఫలితాలు పనికిరావని కూడా అనను. కానీ యూట్యూబ్‌లో ఎవరో ఆ పేపర్ పట్టుకుని ఫ్లోరైడ్ మెదడుని తినేస్తది, డీఎన్ఏని ముక్కలు చేస్తది అని భయపెడితే, ఎంత మోతాదులో, దేంట్లో, అని అడగండి.

అన్నిటికంటే నాకు ఇష్టమైన సంగతి బ్యాక్టీరియాది. 2012లో యేల్ యూనివర్సిటీలో బ్రేకర్ గారి బృందం చూపించింది, బ్యాక్టీరియాలో ఫ్లోరైడ్‌ని గుర్తుపట్టే ఆర్ఎన్ఏ స్విచ్ ఒకటుంది, ఫ్లోరైడ్ తగలగానే దాన్ని బయటకి తోసే ప్రోటీన్ల జీన్లు ఆన్ అవుతాయి. కంటికి కనపడని జీవి కోట్ల ఏళ్ళ నుంచి ఈ విషంతో పోరాడుతా తనకో దారి చేసుకుంది.

ఒకే ఇంట్లో ఒకే బోరు నీళ్ళు తాగినా ఒకళ్ళకి వచ్చి ఒకళ్ళకి రాదేంది?

కారణాలు చాలా ఉండాయి. ఎంత తాగారు, ఏ వయసులో తాగారు, తిండిలో కాల్షియం ఎంత, కిడ్నీలు ఎట్టా ఉండాయి, ఇవి ముందు. గర్భంతో, పాలిచ్చే రోజుల్లో ఆడవాళ్ళ ఒంట్లో కాల్షియం మీద ఒత్తిడి ఎక్కువ, ఆ టైములో సరైన తిండి లేకపోతే దెబ్బ రెట్టింపు. వీటన్నిటి తర్వాత జీన్లు. ఎలుకల్లో ఒక జాతికి ఫ్లోరైడ్ పెడితే పళ్ళు త్వరగా చెడతాయి, ఇంకో జాతికి అంతే పెట్టినా చెడవు, ఇది 2002లో ఎవరెట్ గారి బృందం చూపించింది. మనుషుల్లో చైనా పిల్లల్లో కొల్లాజెన్ జీన్‌లో తేడాకీ పళ్ళ ఫ్లోరోసిస్‌కీ సంబంధం కనపడింది. అయితే మన వైపు జనంలో ఏ జీను ఎంత అని చెప్పి జాతకం చెప్పినట్టు టెస్టులు అమ్మేవాళ్ళు వస్తే డబ్బులు ఇయ్యబాకండి, జీను ఏదైనా నీళ్ళు మారిస్తే అందరికీ మేలే.

పిల్లలకి మోకాళ్ళు లోపలికి వంగేది కూడా ఇదేనా?

కొంతవరకు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్‌లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు 1973లో దీని గురించి రాశారు, ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళల్లో కుర్రాళ్ళకి మోకాళ్ళు లోపలికి వంగి, ఎముకలు మందం కాకుండా గుల్లబారి ఉండటం. ఫ్లోరైడ్‌తో పాటు తిండిలో కాల్షియం లేకపోతే రక్తంలో కాల్షియం పడిపోకుండా పారాథైరాయిడ్ హార్మోన్ పెరుగుద్ది, అది ఎముకలో నుంచి కాల్షియం లాగేస్తది. అంటే ఒకే విషం, తిండి బాగున్న మనిషికి ఎముక రాయిలాగా, తిండి లేని పిల్లోడికి మెత్తగా. ఫ్లోరోసిస్ పేదోళ్ళని ఎక్కువ కుంగదీసేది ఇందుకే.

కడుపు నొప్పి, గ్యాస్, రక్తం తక్కువ, వీటికీ ఫ్లోరైడ్‌కీ సంబంధం ఉందా?

ఉంది. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ళ కడుపులోకి ఎండోస్కోపీ వేసి చూసిన ఢిల్లీ డాక్టర్లు లోపలి పొర దెబ్బతిని ఉండటం, పేగు పైన వెంట్రుకల్లాంటి మైక్రోవిల్లై పోయి ఉండటం చూశారు. ఆ పొరే ఐరన్, విటమిన్లు ఒంటికి పట్టించేది. ఢిల్లీలో ఫ్లోరోసిస్ మీద పనిచేసిన సుశీల గారి బృందం గర్భిణులకి ఫ్లోరైడ్ తక్కువ నీళ్ళు, మంచి తిండి ఇప్పించి చూస్తే హిమోగ్లోబిన్ పెరిగింది, పుట్టిన బిడ్డల బరువు మెరుగైంది, 2010లో వచ్చింది ఆ పని. ఐరన్ గోళీలు మింగుతున్నా రక్తం పెరగని ఆడవాళ్ళు మన పల్లెల్లో ఉంటే వాళ్ళ నీళ్ళు కూడా ఒకసారి టెస్ట్ చేయించాలి.

కిడ్నీ జబ్బు కూడా ఫ్లోరైడ్ వల్లేనా?

ఫ్లోరైడ్ ఒక్కటే కారణమని రుజువు కాలేదు. కిడ్నీ చెడితే ఫ్లోరైడ్ ఒంట్లో పేరుకుంటది అనేది మాత్రం ఖాయం. నేను భయపడేది ఇంకోదానికి, కీళ్ళ నొప్పులని ఆర్ఎంపీ దగ్గరో మెడికల్ షాపులోనో నొప్పుల గోళీలు కొని ఏళ్ళ తరబడి మింగుతారు, అవి కిడ్నీని నిజంగా పాడుచేస్తాయి. ముందు ఆ అలవాటు ఆపండి.

నాకు ఉందో లేదో ఎట్టా తెలుస్తది?

ఇంట్లోనే మూడు చూసుకోవచ్చు. మోకాళ్ళు వంచకుండా కింద పడిన రూపాయి బిళ్ళ తీయడం, గడ్డం ఛాతీకి ఆనించడం, రెండు చేతులు తల వెనక కట్టుకోవడం. ఇవి చేయలేకపోతే ఫ్లోరోసిసే అని కాదు, డాక్టర్ దగ్గరికి పోవాలని. అక్కడ ముంజేతి, నడుం ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్, ఆల్కలైన్ ఫాస్ఫటేస్, కాల్షియం, విటమిన్ డి, క్రియాటినిన్ చూస్తారు. నీళ్ళల్లో, మూత్రంలో ఫ్లోరైడ్‌ని అయాన్ ఎలక్ట్రోడ్ అనే మిషన్‌తో కొలుస్తారు. శాంపిల్ గాజు సీసాలో కాదు, ప్లాస్టిక్ సీసాలో తీసుకుపోండి.

మందు లేదా? చింతపండు తింటే పోద్దంట?

ఎముకలో పట్టిన ఫ్లోరైడ్‌ని గబుక్కున లాగేసే మందు లేదు. మంచి నీళ్ళకి మారితే పాత ఎముక కరిగే కొద్దీ ఏళ్ళ మీద కొంత బయటకి వస్తది, నొప్పులు, కడుపు బాధలు చాలామందికి తగ్గుతాయి. గట్టిపడిన లిగమెంట్లు తిరిగి మెత్తబడవు, వెన్నుపాము నొక్కుకుంటే ఆపరేషనే.

చింతపండు సంగతి ఊరికే పుట్టింది కాదు. ఎన్ఐఎన్‌లో ఖండారే గారి బృందం హాస్టల్ కుర్రాళ్ళకి రోజూ భోజనంలో 10 గ్రాముల చింతపండు 18 రోజులు పెట్టి చూస్తే మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది, 2002లో రాశారు. మన పులుసు, రసం, పచ్చడి మంచివే, తినండి. కానీ 4 పీపీఎం నీళ్ళు తాగుతా చింతపండు మీద భారం వేయడం కుదరదు.

నీళ్ళు కాచి తాగితే? ఆర్వో? క్యాన్?

కాస్తే నీళ్ళు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుద్ది, క్రిములు చస్తాయంతే. గుడ్డ, బిందె ఫిల్టర్లు, క్యాండిల్ ఫిల్టర్లు పట్టుకోలేవు. ఆర్వో తీస్తది, కానీ మెంబ్రేన్ పాతబడితే తీయదు, కాబట్టి ప్లాంట్ నీళ్ళు కూడా అప్పుడప్పుడూ టెస్ట్ చేయించాలి, వదిలేసే రిజెక్ట్ నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువ, అది పశువులకి పెట్టబాకండి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చే నల్గొండ పద్ధతి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్ళు తయారుచేసింది, కొలత తప్పితే అల్యూమినియం మిగిలిపోద్ది, చేసే మనిషికి నేర్పించాలి. వాన నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఉండదన్నట్టే. సాగర్ కాలవ నీళ్ళు, వెలిగొండ నీళ్ళు అని మన వాళ్ళు ఇన్నేళ్ళు కొట్లాడేది కూడా ఇందుకే, నది నీళ్ళే అసలు మందు.

చాలా ఇళ్ళల్లో చూసేది ఏందంటే, తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్ తెస్తారు, అన్నానికి ఎసరు మాత్రం బోరు నీళ్ళే పెడతారు, పప్పు అందులోనే, టీ అందులోనే. బియ్యం, పప్పు ఆ నీళ్ళని మొత్తం పీల్చుకుంటాయి, ఫ్లోరైడ్‌తో సహా. టీ ఆకులో సొంతంగానే ఫ్లోరైడ్ ఉంటది. వంటకి కూడా మంచి నీళ్ళే వాడండి, గిన్నెలు తోమేదానికి, స్నానానికి బోరు నీళ్ళు ఫర్వాలేదు, చర్మం నుంచి ఎక్కదు.

రీసెర్చ్ వాళ్ళు వచ్చి రక్తం, మూత్రం అడిగితే ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, అడిగి ఇవ్వండి. ఐసీఎంఆర్ 2017 నిబంధనల ప్రకారం ఎందుకు తీస్తున్నారో మీ భాషలో చెప్పాలి, కాగితం చదివి వినిపించాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, మధ్యలో వద్దంటే వదిలేయాలి, పిల్లలకైతే అమ్మానాన్నల ఒప్పుకోలుతో పాటు ఏడేళ్ళు దాటిన పిల్లల్ని కూడా అడగాలి. రిపోర్టు మాకు ఇస్తారా అని తప్పకుండా అడగండి. మా దగ్గర పళ్ళు, ఎముకలు ఫోటోలు తీసుకుని పోయి ఏళ్ళు గడిచినా తిరిగి ఒక్క కాగితం ఇవ్వని వాళ్ళని చూశాం, ఆ కోపంతో తలుపులు మూసుకోబాకండి, మన ఒంట్లో జరిగేది మన శాంపిల్ లేకుండా ఎవరికీ తెలవదు.

మా అమ్మాయి మైక్రోబయాలజీ చదువుతా ఉంది, ఈ పని చేయాలంటే ఏం మిగిలుంది?

చాలా. లిగమెంట్ కణం ఎముక కణంగా మారమని సిగ్నల్ ఏది ఇస్తది, రక్తంలో ముందుగానే తెలిసే గుర్తు ఏదైనా దొరుకుద్దా, కాల్షియం ఎంత ఏ వయసులో ఇస్తే పిల్లల్లో పట్టేది తగ్గుద్ది. మన జనంలో, మన తిండితో చేయాల్సిన పనులు ఇవి, పంపించండమ్మా.

మాకు మూడు నెలల బిడ్డ ఉంది, మా బోరు టెస్టులో ఎక్కువ వచ్చింది, పాలు ఇవ్వొచ్చా?

నిశ్చింతగా ఇవ్వండి. తల్లి రక్తంలో నుంచి పాలలోకి ఫ్లోరైడ్ చాలా తక్కువ దిగుద్ది, తల్లి ఫ్లోరైడ్ నీళ్ళు తాగుతున్నా పాలలో దాదాపు ఉండదన్నట్టే. ఆరు నెలలు తల్లిపాలే, మధ్యలో చెంచా నీళ్ళు కూడా వద్దు. డబ్బా పాలు తప్పకపోతే పొడి కలిపేది బోరు నీళ్ళతో మాత్రం కాకూడదు, బిడ్డ బరువుకి అది చాలా పెద్ద మోతాదు అవుద్ది. ఆరు నెలల తర్వాత ఉగ్గు, జావ, పప్పన్నం అన్నీ ఫ్లోరైడ్ లేని నీళ్ళతో వండండి, ఇంట్లో అందరికీ సరిపడా క్యాన్లు తెచ్చే స్తోమత లేకపోతే ఉన్న ఒక్క క్యాన్ ముందు ఆ బిడ్డకీ, తర్వాత మీకూ.